వైద్యశాలల వ్యర్థములు – గ్రామ పంచాయతీల కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున ప్రచార శాఖ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున త్రాగునీటిని గురించియు, వీధి దీపములను గురించియు, పన్నుల వసూలును గురించియు మీరు ఇదివరకే వినియున్నారు. మేము చెప్పదలచిన విషయము వానియంత పెద్దదిగా పైకి కనిపించదు. అది ఒక సూది. రోగికి మందెక్కించిన తరువాత ఆ సూది ఎక్కడికి పోవుచున్నదనునదే మా ప్రశ్న. ఆసుపత్రి సంగతి ఆసుపత్రివారు చూచుకొందురు గదా, పంచాయతీకి దీనితో పనియేమి అని మీలో కొందరు అనుకొనవచ్చును. ఆసుపత్రి గోడ దాటి వీధిలోనికి వచ్చిన ప్రతి వస్తువును చేతితో ఎత్తవలసినది పంచాయతీ మనిషియే. అందుచేతనే ఈ మాట మీ ముందుంచుచున్నాము.

ప్రచార వాహనముతో పల్లెలు తిరుగునపుడు, సభాస్థలమునకు చేరుటకు ముందు ఊరి చివర చెత్త పోయు చోటును ఒకసారి చూచివచ్చుట మాకు అలవాటు. ఊరి ముందరి స్వాగత ద్వారము చెప్పని సంగతులు అక్కడ తెలియును. ఒక గ్రామమున చెత్త వేరుచేయు షెడ్డులో పనిచేయు ఒక పారిశుద్ధ్య కార్మికురాలు తన అరచేతిని మాకు చూపినది. "సూది గుచ్చుకున్నదయ్యా. ముల్లు గుచ్చుకున్నట్టే గదా అని పసుపు అద్దినాను" అన్నది. ఆమె ముందున్న గోతాములో అరటి తొక్కలు, టీ కప్పులు, మందు డబ్బాలు, సెలైను గొట్టములు, సూది ఊడదీయని సిరంజులు కలగలిసి యున్నవి. ఆ సిరంజులు ప్రభుత్వ వైద్యశాలవా, ప్రైవేటు క్లినిక్కువా, ఇంటింటికి తిరిగి సూదిమందు వేయువారివా అని విచారించితిమి. ఎవరును చెప్పలేకపోయిరి. చెత్త ఒకసారి కలిసిన తరువాత దానికి యజమాని యుండడు.

ముల్లు గుచ్చుకొనుటకును, వాడిన సూది గుచ్చుకొనుటకును చాల భేదమున్నది. సూది లోపల బోలుగా నుండును. ఆ సన్నని గొట్టములో కంటికి కానరానంత రక్తము నిలిచిపోవును. ఆ రక్తము హెపటైటిస్ బి సోకిన రోగిదై, గుచ్చుకొన్నవారు టీకా పొందనివారైనచో, అట్టివారు 100 మందిలో 6 మొదలు 30 మంది వరకు ఆ వ్యాధి బారిన పడవచ్చునని వైద్య శాస్త్రపు అంచనా. హెపటైటిస్ సి విషయమున 100 మందిలో ఇద్దరు, హెచ్.ఐ.వి. విషయమున 1000 మందిలో ముగ్గురు. ఎయిడ్స్ పేరు వినగానే భయపడు జనము, దానికంటె ఎన్నో రెట్లు తేలికగా సోకు కాలేయ వ్యాధి పేరు వినినప్పుడు అంతగా చలించరు. ఆరుబయట ఎండిన రక్తములో హెచ్.ఐ.వి. వైరసు చాలవరకు త్వరగా నశించును. హెపటైటిస్ బి వైరసు మాత్రము ఎండిన రక్తపు మరకలో సైతము 7 దినములు బ్రతికియుండగలదు. సోమవారము నాడు పారవేసిన సూది శనివారము నాడు చెత్త ఎత్తు మనిషికి అపాయము కలిగింపగలదన్నమాట. ఈ వ్యాధి కొందరిలో పచ్చకామెర్లుగా బయటపడును. మరికొందరిలో ఏండ్ల తరబడి ఏ బాధయు లేక లోలోపల కాలేయమును తినివేయును. కామెర్లన్నియు పసరు మందుతో కుదురునను నమ్మకము మన పల్లెలలో ఇంకను బలముగా నున్నది గనుక ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలసివచ్చినది.

మీలో వయసు మళ్ళినవారికి గాజు సిరంజి జ్ఞాపకముండును. కాంపౌండరు దానిని గిన్నెలో వేసి, స్టవ్వు మీద నీటిని మరగించి, పట్టకారుతో పైకి తీసి మందు నింపెడివాడు. ఒక సిరంజి వందలమందికి ఉపయోగపడెడిది. మరగించుటలో ఏమాత్రము అశ్రద్ధ జరిగినను ఒకరి వ్యాధి మరియొకరికి అంటెడిది. 1986లో మన దేశమున హెచ్.ఐ.వి. తొలిసారి మద్రాసు నగరమున గుర్తింపబడినది. ఆ భయముతో ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ సిరంజుల వాడుక ఊపందుకొన్నది. అది మంచి మార్పే. కాని పారవేయుమని చెప్పినవారు ఎక్కడ పారవేయవలెనో చాలకాలము చెప్పలేదు. గాజు సిరంజి పగిలినప్పుడే చెత్తలోనికి వచ్చెడిది. ప్లాస్టిక్ సిరంజి ప్రతి రోగితోను వచ్చుచున్నది. కోవిడ్ కాలమున ఈ లెక్క ఎంతవరకు పోయినదో చూడుడు. 2022 జూలై 17 నాటికి మన దేశమున వేసిన టీకా మోతాదులు 200 కోట్లు దాటినవి. అనగా ఏడాదిన్నరలో ఇంచుమించు అన్ని సూదులు. వానిలో ఎన్నో మన బడి వరండాలలోను, పంచాయతీ కార్యాలయములలోను వాడబడినవే.

పారవేసిన సిరంజి పారవేసినచోటనే ఉండునని అనుకొనుట పొరపాటు. దానిని వెదకికొని వచ్చువారున్నారు. 2009 ఆరంభమున గుజరాత్ రాష్ట్రమున, నాటి సాబర్‌కాంఠా జిల్లాకు చెందిన మొడాసా ప్రాంతములో హెపటైటిస్ బి వ్యాధి చెలరేగినది. రెండు వందల మందికి పైగా వ్యాధిగ్రస్తులైరి. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. వాడిన సిరంజులను తిరిగి వాడుటయే మూలమని విచారణలో తేలినది. ఆసుపత్రి చెత్త నుండి ఏరిన సిరంజులు మరల అమ్మకమునకు పోవు దొంగవ్యాపారము సైతము ఆ సందర్భముననే వెలుగులోనికి వచ్చినది. ప్లాస్టిక్ అన్నచో కిలోకు ఇంతయని ధర యుండును. పాత సామాను కొనువాడు అది సెలైను సీసాయా, నూనె డబ్బాయా అని అడుగడు. అందుచేతనే, వాడిన సిరంజిని వాడినచోటనే తిరిగి పనికిరాకుండ చేయవలెనను నియమము పుట్టినది. శిశువుల టీకాలకు 2005 ప్రాంతమునుండి మన ప్రభుత్వము వాడుచున్న సిరంజులు ఒకసారి నొక్కినంతనే బిగిసిపోవును. రెండవసారి మందు లాగుటకు వీలుండదు. సాధారణ సిరంజికి ఆ గుణము లేదు. దానిని మనిషే నరికి పాడుచేయవలెను.

ఆసుపత్రి వ్యర్థములకు మన దేశమున మొదట 1998లో నియమములు ఏర్పడినవి. వానిని సవరించి, విస్తరించి, 2016 మార్చి 28న జీవవైద్య వ్యర్థముల నిర్వహణ నియమములను కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. వందల పడకల పెద్ద ఆసుపత్రి మొదలు పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రము వరకు, రక్త పరీక్షా కేంద్రము, పశువైద్యశాల, ఆయుర్వేద హోమియో వైద్యశాలలు, టీకా శిబిరములు, రక్తదాన శిబిరములు, బడిలోని ప్రథమ చికిత్స గది – ఇవన్నియు ఆ నియమములకు లోబడినవే. చిన్న కేంద్రము గనుక మినహాయింపు గలదను మాట ఎవరైన చెప్పినచో నమ్మకుడు.

నియమముల సారమంతయు రంగులలోనున్నది. రక్తముతోను చీముతోను తడిసిన దూది, కట్లు, కాన్పులో వచ్చు మాయ, శరీర భాగములు, కాలము చెల్లిన మందులు పసుపు సంచిలోనికి పోవలెను. సెలైను గొట్టములు, మూత్రపు సంచులు, చేతి తొడుగులు, సూది తొలగించిన సిరంజులు ఎరుపు సంచిలోనికి పోవలెను. సూదులు, బ్లేడులు, శస్త్రచికిత్స కత్తులు గుచ్చినను చిల్లుపడని, కారని, ఒకసారి మూసినచో తెరువరాని తెల్లని డబ్బాలోనికి పోవలెను. పగిలిన గాజు, మందు సీసాలు, అంపూళ్ళు నీలిరంగు గుర్తుగల పెట్టెలోనికి పోవలెను. ఇక్కడ ఒక చిక్కున్నది. మన పంచాయతీలలో తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలి బుట్ట అని ఇంటింటికి నేర్పియున్నాము. ఆ పాఠము బాగుగా వంటబట్టిన కార్మికుడు ఆసుపత్రిలోని నీలి పెట్టెను చూచి, అది తనదేయని ఎత్తుకొనిపోవును. తప్పు అతనిది కాదు. రెండు శాఖలు ఒకే రంగును రెండు పనులకు ఎన్నుకొన్నవి. కనుక ఆసుపత్రి లోపలి రంగులకును వీధిలోని రంగులకును సంబంధము లేదను సంగతిని మీ కార్మికులకు మీరే విప్పి చెప్పవలెను.

సూది ప్రయాణము ఎట్లు సాగవలెనో కొంచెము వివరముగా చెప్పెదము, ఏలయన అపాయమంతయు అక్కడనే యున్నది. మందెక్కించిన పిమ్మట నర్సు సూదికి మూత తిరిగి తొడుగరాదు. ఒక చేత సూదిని, మరియొక చేత మూతను పట్టి తొడుగబోయినపుడే గురి తప్పి వ్రేలికి గుచ్చుకొనును. చూచుటకు అది జాగ్రత్తవలె కనిపించును. నిజమునకు అదియే అజాగ్రత్త. సూదిని ఆ క్షణముననే, ఆ బల్లమీదనే, సూదిని నరికెడి పరికరములో పెట్టి మొదలంట త్రుంచివేయవలెను. త్రుంచిన సూది తెల్ల డబ్బాలోనికి, మిగిలిన సిరంజి ఎరుపు సంచిలోనికి పోవును. డబ్బా ముప్పాతిక భాగము నిండగానే మూసి ముద్ర వేయవలెను. కుక్కి కుక్కి నింపుటకు చేయిపెట్టిన వారెందరో గాయపడుదురు. అక్కడినుండి దానిని ఉమ్మడి శుద్ధి కేంద్రపు వాహనము తీసికొనిపోవును. అక్కడ అధిక వేడితో క్రిములను చంపి, సూదులను ముక్కలు చేసి ఇనుము కరగించు కార్ఖానాకు పంపుటయో, సిమెంటులో బంధించుటయో జరుగును. ఎరుపు సంచిలోని ప్లాస్టిక్కును ఆవిరితో శుద్ధిచేసి, తునుకలు చేసి, మరల వాడుకకు ఇత్తురు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను సూది మన పెంటదిబ్బకే చేరును.

శుద్ధిచేయని వ్యర్థములను 48 గంటలకు మించి నిలువచేయరాదు. 75 కిలోమీటర్ల లోపల ఉమ్మడి శుద్ధి కేంద్రమున్నచో ఆసుపత్రి తన ఆవరణలో స్వయముగా శుద్ధిచేయు యంత్రములు పెట్టరాదు. కాగా వానకాలమున వాహనము రాక వారము దినములు సంచులు నిలువయుండుట కొన్ని చోట్ల జరుగుచున్నది. రోడ్డు బాగులేదని వాహనమువారందురు. వాహనము రాలేదని ఆసుపత్రివారందురు. ఆ రోడ్డు పంచాయతీది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవు దారిలో రెండు గుంటలు పూడ్చుటకు, సంచులుంచు గదికి తాళము పెట్టునట్లు చూచుటకు, చేతులు కడుగుకొను కుళాయికి నీరందించుటకు మీకు ఎవరి అనుమతియు అక్కరలేదు. వైద్యాధికారిని ప్రశ్నించుటకు ముందు ఈ మూడును చేసి చూపినచో, ఆ తరువాత మీ ప్రశ్నకు విలువ పెరుగును.

వ్యర్థములను వేరుచేయుట వలన ఖర్చు పెరుగునను వాదము ఒకటి విందుము. లెక్క మాత్రము వేరుగా నున్నది. ఆసుపత్రిలో పుట్టు వ్యర్థములలో సుమారు 85 పాళ్ళు మన ఇళ్ళలోని చెత్తవంటివేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాగితములు, అన్నపు మెతుకులు, పండ్ల తొక్కలు ఇందులోనివే. అపాయకరమైనవి 15 పాళ్ళు మాత్రమే. ఆ 15 పాళ్ళను పుట్టినచోటనే వేరుచేసినచో మిగిలిన 85 పాళ్ళను పంచాయతీ బండి నిర్భయముగా తీసికొనిపోవచ్చును. కలిపినచో నూటికి నూరు పాళ్ళును విషమగును. బియ్యములో రాళ్ళున్నచో చేటలో పోసి ఏరగలము. చెత్త గోతాములోని సూదులను ఏ చేటతో ఏరగలము? అది ఏరునది చేయియే. ఆ చేయి ఎవరిదో ముందే చెప్పియున్నాము.

కొన్ని చోట్ల ఏరుట దేనికని ఆసుపత్రి వెనుక గుంటలో వేసి నిప్పుపెట్టుదురు. ఇది అన్నిటికంటె చెడ్డ పద్ధతి. క్లోరిన్ గల ప్లాస్టిక్ తక్కువ వేడిమిలో కాలినపుడు డయాక్సిన్లను విషవాయువులు పుట్టును. శుద్ధి కేంద్రములోని కొలిమిలో వేడి 800 డిగ్రీలకు పైబడియుండును. పొగను రెండవ అరలో మరింత వేడితో కాల్చి, వడగట్టి వదలుదురు. గుంటలోని మంటకు ఆ శక్తి లేదు. పైగా ఆ మంటలో సూది కాలదు. బూడిదలో నిలిచియుండును. మన రైతులకు బూడిద యెరువన్న ప్రీతి. దిబ్బ నుండి బండ్లకెత్తి పొలమునకు తోలుదురు. తరువాత ఆ మడిలో వట్టికాళ్ళతో నాట్లు వేయువారు ఆడవారు. చెత్త నుండి సంపద తయారుచేయు కేంద్రములలో కంపోస్టు తీయుచున్న పంచాయతీలకు ఇది మరింత ముఖ్యము. ఒక్క రైతు తాను కొన్న యెరువు బస్తాలో ఒక్క సూదిని చూచినచో, మరునాటినుండి ఆ యెరువు కొనువాడుండడు.

వాహనము చేరలేని కొండ ప్రాంతములలో, ఏజెన్సీ గూడెములలో ఏమి చేయవలెనను సందేహము సహజమే. ఉమ్మడి శుద్ధి కేంద్రము అందుబాటులో లేని మారుమూల చోట్ల, ముందుగా అనుమతి పొంది, పసుపు సంచిలోని శరీర సంబంధమైన వ్యర్థములను లోతుగా పాతిపెట్టుటకు నియమములు అవకాశమిచ్చినవి. గోయి సుమారు 2 మీటర్ల లోతుండవలెను. సగము వరకే వ్యర్థములు నింపి, పైన భూమి మట్టమునకు 50 సెంటీమీటర్ల వరకు సున్నము పోసి, మిగిలినది మట్టితో పూడ్చవలెను. వేసిన ప్రతిసారి 10 సెంటీమీటర్ల మట్టి కప్పవలెను. గోయి అడుగునకు భూగర్భ జలము కనీసము 6 మీటర్ల క్రిందనుండవలెను. దగ్గరలో తక్కువ లోతు బావులు ఉండరాదు; వరద నీరు చేరరాదు. కుక్కలు, పందులు త్రవ్వకుండ ఇనుప జాలీ మూత అమర్చవలెను. కాన్పుల తరువాత మాయను కుక్కలు ఈడ్చుకొనిపోవు దృశ్యము చూచిన ఊరు దానిని మరువలేదు. తల్లికిని ఊరికిని అంతకంటె అవమానము లేదు. సూదులను మాత్రము ఈ గోతిలో వేయరాదు. వానికి సిమెంటుతో కట్టిన ప్రత్యేకమైన గుంట కావలెను. స్థలము చూపవలసివచ్చినపుడు ఊరిలో ఎవరికిని పనికిరాని పల్లపు భూమిని చూపుట మన అలవాటు. పల్లములో నీరు నిలుచును. ఈ పనికి మెరక భూమినే ఇయ్యవలెను.

ఇక మీ కార్మికుల మాట. ఆసుపత్రిలో వ్యర్థములను ముట్టు సిబ్బందికందరికిని హెపటైటిస్ బి, ధనుర్వాతముల టీకాలు వేయించవలెనని 2016 నియమములే చెప్పుచున్నవి. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు ఆసుపత్రి సిబ్బంది కారు గనుక వారి పేర్లు ఆ జాబితాలో కనిపించవు. వారికి ఆ రక్షణ కల్పించుటకు మీరు పూనుకొనవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో మాట్లాడుడు. హెపటైటిస్ బి టీకా 3 మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండవది, మొదటిది వేసిన 6 నెలలకు మూడవది. మూడవది మరచిపోవువారే ఎక్కువ. తేదీలను పంచాయతీ కార్యదర్శి పుస్తకములో వ్రాసియుంచవలెను. మందమైన తొడుగులు, బూట్లు కొనుట ఏ లెక్కలో చూపినను అధిక వ్యయము కాదు. కార్మికుడు తొడుగులు వేసికొనడని ఫిర్యాదు చేయువారున్నారు. చేతికి సరిపడని, ఎండలో చెమటపట్టు పలుచని తొడుగులిచ్చి ఆ మాట యనుట న్యాయము కాదు.

సూది గుచ్చుకొన్నచో చేయవలసినదేమి? గాయమును వెంటనే సబ్బుతో, పారుచున్న నీటితో కడుగవలెను. నొక్కి రక్తము పిండరాదు. వ్రేలిని నోట పెట్టుకొనరాదు. పసుపు, సున్నము అద్దరాదు. ఆలస్యము చేయక ఆసుపత్రికి పంపవలెను. హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందును వైద్యుడు అవసరమని తలచినచో 2 గంటలలోపల మొదలిడుట మేలు. 72 గంటలు దాటిన పిమ్మట దానివలన ఫలముండదు. ఆ మందును 28 దినములు వాడవలెను. కూలి పోవునని సాయంకాలము వరకు ఆగు మనిషికి ఆ దినపు కూలి ఇప్పించు పూచీ మీరు తీసికొనవలెను. మేము చూచినంతవరకు ఆలస్యమునకు అజ్ఞానము కంటె కూలి భయమే ఎక్కువ కారణము.

ఆసుపత్రిని చూడబోవునపుడు తనిఖీ అధికారులవలె పోకుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశమున ఈ విషయమును పెట్టి, వైద్యాధికారిని, ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తలను పిలిచి మాట్లాడుడు. సూది నరుకు పరికరము పనిచేయుచున్నదా, తెల్ల డబ్బా సూదిమందు వేయు బల్లవద్దనే యున్నదా, లేక వరండా చివరనున్నదా అని అడుగుడు. దూరమున నున్న డబ్బా లేని డబ్బాయే. వాహనము వచ్చిన తేదీలు పుస్తకములో వ్రాయుచున్నారా చూడుడు. తేదీల మధ్య వారమేసి ఎడమున్నచో కారణమడుగుడు. ఆపైన భవనము వెనుకకు పోయి నేల చూడుడు. బూడిద కుప్పయున్నచో పుస్తకము చూడనక్కరలేదు. మాటలతో దిద్దుబాటు కానిచో, జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఇందుకొరకే ఏర్పడిన పర్యవేక్షణ సంఘమునకును, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికిని పంచాయతీ తీర్మానము పంపవచ్చును. కలిపిన చెత్తను మా బండి ఎత్తదని తీర్మానించుట మీ చేతిలోనున్న మరియొక ఆయుధము. దానిని వాడుటకు ముందు నెల దినములు గడువిచ్చుట మర్యాద.

ప్రభుత్వ వైద్యశాలయందు పుస్తకమైన నుండును. గ్రామములో గుర్తింపు లేక సూదిమందులు వేయువారి యొద్ద అదియు నుండదు. వారి సంచిలోని సూది ఎవరికి వాడినదో, దేనిలో పడినదో వారికే తెలియవలెను. 2018లో ఉత్తరప్రదేశ్ రాష్ట్రము ఉన్నావ్ జిల్లాలోని బంగర్‌మవూ ప్రాంతమున పదులకొలది గ్రామస్థులకు హెచ్.ఐ.వి. సోకినట్లు బయటపడినది. ఇంటింటికి తిరిగి ఒకే సూదితో మందులు వేయు వ్యక్తి కారణమని అధికారులు ఆరోపించిరి. ఇట్టి వారిని మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. సూది వేయని వైద్యుడు వైద్యుడే కాడని, మాత్రలిచ్చి పంపినచో డబ్బు దండుగయైనదని తలచునది మనమే. జ్వరమునకు, ఒళ్ళు నొప్పులకు, నీరసమునకు సూది అడిగి వేయించుకొనువారు మన ఊళ్ళలో కొల్లలు. మాత్రతో పోవు జబ్బునకు వేయించుకొన్న ప్రతి సూదియు అక్కరలేని వ్యర్థమే. దీనిని తగ్గించుటకు నియమము లేదు. మీ ఇంటిలోనివారికి మీరు చెప్పుటయే మార్గము.

పశువైద్యశాలను సాధారణముగా అందరును మరచెదరు. పశువుల టీకా శిబిరము జరిగిన సాయంకాలము ఆ చావడి చుట్టును చూచినచో సూదులు, మందు సీసాలు దొరకును. పెయ్యదూడలకు 4 మొదలు 8 నెలల వయసులో వేయు బ్రూసెల్లా టీకాలో క్రిములు సజీవముగానే యుండును. ఆ సూది మనిషికి గుచ్చుకొన్నచో విడువని జ్వరము, కీళ్ళ నొప్పులు తెచ్చు వ్యాధి సోకవచ్చును. దూడ కాలు విదిలించినపుడు ప్రక్కన పట్టుకొనియున్న రైతు చేతికే ముందు తగులును. శిబిరమునకు చోటు, పందిరి ఏర్పాటుచేయునపుడే తెల్ల డబ్బా తెచ్చితిరా అని పశువైద్యుని అడుగుట మంచిది.

చివరగా మన ఇళ్ళలోనివే. చక్కెర వ్యాధిగలవారు ఇన్సులిన్ను ఇంటనే వేసికొనుచున్నారు. దినమునకు ఒకటి రెండు సూదులు చొప్పున ఒక్క ఇంటినుండి ఏడాదికి వందల సూదులు వీధి బుట్టలోనికి వచ్చుచున్నవి. 2016 నాటి ఘన వ్యర్థముల నియమములు వీనిని గృహములలోని అపాయకరమైన వ్యర్థములలో చేర్చి, వేరుగా ఇయ్యవలెనని చెప్పినవి. మరచుట్టు మూతగల గట్టి ప్లాస్టిక్ సీసా ఒకటి చాలును. పలుచని నీళ్ళ సీసా పనికిరాదు, సూది పొడుచుకొని వచ్చును. ముప్పాతిక నిండగానే మూత బిగించి, పైన సూదులని పెద్ద అక్షరములతో వ్రాసి, చెత్త బండిలో వేయక విడిగా అందజేయవలెను. మీ ఊరిలో ఇన్సులిన్ వాడువారెందరో ఆశా కార్యకర్తకు తెలియును. ఆ సీసాలను నెలకొకసారి ఏ దినమున ఆరోగ్య ఉపకేంద్రమునకు తెచ్చి ఇయ్యవలెనో ఏ.ఎన్.ఎం.తో మాట్లాడి నిర్ణయించి, పంచాయతీ నోటీసు పలకమీద వ్రాయించుడు. చదువురాని వారికొరకు ఆ ముందునాడు టముకు వేయించుడు.